పుర్రచేతి చక్రం

గోడ తలుపు తెరుచుకోకముందే మేనల్లుడు పర్వేజ్ గొంతు ఇవతలికి వచ్చేసింది.

"ఫుప్పూ, జర పని ఆపు. కొంప మునిగింది."

ఫరీదా పని ఆపలేదు. రేకుల చూరు కింద పీట వేసుకుని, చెక్కపలకకు నిలబెట్టిన రెండు ఇనుప కమ్మీల మధ్య ఎవరిదో పాలబండి చక్రాన్ని తిప్పుతూ ఉంది. కమ్మీకి కట్టిన సుద్దముక్క రిమ్ముకు ఎక్కడ తగిలితే అక్కడ వంకర ఉన్నట్టు. తగిలిన చోట ఒక స్పోకు పుల్లను అర చుట్టు వదిలి, దాని ఎదుటి పుల్లను అర చుట్టు బిగించి, మళ్లీ తిప్పింది. చక్రాల పనిలో మెకానిక్ మునవ్వర్‌ను మించినవాడు లేడని కొత్తకోటలో పేరు. ఆ పేరు ముప్పై ఏళ్లుగా గోడకు ఇవతల తయారవుతోంది. అవతల మునవ్వర్ షాపు, ఇవతల అతని చెల్లెలి వాకిలి. చక్రాలు ఆ తలుపులోంచి వస్తాయి, ఆ తలుపులోంచే పోతాయి. ఫరీదా మాత్రం తలుపు దాటి షాపులో ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

"ఏమైందిరా?"

"మన బండి డూప్లికేట్ అంటున్నరు."

మునవ్వర్ కొడుకు పర్వేజ్‌కు ఇరవై ఆరేళ్లు. పానా చేతిలో నిలవదు, ఫోన్ చేతిలోంచి దిగదు. అయినా వాడిని తీసిపారేయడానికి లేదు. ఒకప్పుడు మట్టిలో రేసులు కొట్టిన పాత బండ్లను ఎక్కడెక్కడివో వెతికి ఫోన్‌లో అమ్మకానికి పెడతాడు. గద్వాల్‌లో చీరల వ్యాపారి గోదాంలో మూటల కింద జపాన్ బండి ఒకటి దొరికింది. మల్దకల్‌లో కోళ్లగూడుకు ఆసరాగా నిలబెట్టిన రాజ్‌దూత్ దొరికింది, సైలెన్సర్ నడుం దాకా పైకెత్తి కట్టినది. మునవ్వర్ వాటిని పాత ఇనుము అనేవాడు. ఒకాయన బెంగళూరు నుంచి పనిగట్టుకుని వచ్చి ఆ రాజ్‌దూత్ ముందు చెప్పులు విప్పి నిలబడ్డాక, మర్నాటి నుంచి మునవ్వర్ కూడా యాంటిక్ అనడం మొదలుపెట్టాడు.

ఈసారి పెట్టింది సొంత ఇంటి బండి. ఆకుపచ్చ యెజ్డీ, ట్యాంకు మీద తెల్లటి 31. మునవ్వర్, ఫరీదాల తండ్రి మహబూబ్ సాబ్ ఆ మామూలు బండిని ఎముకల దాకా విప్పి, ఫ్రేము కోసి అతికి, మట్టిలో ఎగిరేట్టు చేశాడు. ఆయన బతికున్నంత కాలం అమ్మలేదు. పోయాక ఎవరూ పట్టించుకోలేదు.

పర్వేజ్ ఫోన్ ఆమె మొహం ముందు పెట్టి తనే చదివాడు. "చక్రం అల్లిక ఉల్టా ఉంది. అల్లినోనికి పని రాదు. మొన్న మొన్న ముక్కలు జమచేసి రేసుబండి అని చెప్తున్నరు. మోసపోకండి. గిదీ ఫుప్పూ, వాడు రాసింది. అరవై మంది అవునన్నరు."

చక్రం తిరుగుతూనే ఉంది. ఫరీదా దాన్ని అరచేత్తో ఆపింది, ఎడమ చేత్తో. ఆ యెజ్డీ రెండు చక్రాలూ అల్లినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. అబ్బా ఆ వారమంతా ఇంజిను మీద ఉన్నాడు. చక్రాలు నీవే అని రిమ్ములు, పుల్లల కట్టలు ఆమె ముందు పడేసి వెళ్లిపోయాడు. అందరూ అల్లిన చక్రంలో నడిమి హబ్బుకు బయటి వైపున్న పుల్లలు ముందుకు వాలి ఉంటాయి. ఆమె అల్లినదాంట్లో వెనక్కి వాలాయి. పుర్రచెయ్యి కదా, చెయ్యి ఎటు పోతే పుల్ల అటు పోయింది. అబ్బా వచ్చి చక్రం తిప్పి చూసి, సుద్దముక్కకు ఎక్కడా తగలకపోయేసరికి ఏమీ అనకుండా టైరు ఎక్కించాడు.

"అల్లినోనికి పని రాదట," అంది ఫరీదా.

మునవ్వర్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అరవై దాటినా నడుం వంగని మనిషి. చెల్లెలితో మాట్లాడేటప్పుడు చూపు ఎప్పుడూ ఆమె చేతుల మీదే ఉంటుంది.

"బేస్తారం పొద్దున క్రాంతి కుమార్ సార్ వస్తుండు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతా మన దగ్గర ఆగుతడట. ఫోన్ల ఒక్కటే మాట అన్నడు, బండి ఒర్జినల్ ఉంటెనే తీసుకుంట అని. రెండు చక్రాలు విప్పి సీదా అల్లు. కంపెనీ ఎట్ల అల్లుతదో గట్ల."

"అబ్బా చూసిన చక్రాలు భాయ్ అవి."

"అబ్బా చూసిండు, ఊకున్నడు. నీ మీద ముద్దుకు ఊకున్నడు. లోకం ఊకుంటదా? నీ పుర్రచేతి పని ఇయ్యాల ఫోన్ల ఎక్కింది."

ఆ మాట అని కిరసనాయిల్ సీసా ముందుకు చాపాడు. ఫరీదా చెయ్యి చాపింది. మునవ్వర్ సీసా వెనక్కి తీసుకుని ఆగాడు. ఆమె ఎడమ చేతిని ఒడిలో పెట్టుకుని కుడిచెయ్యి చాపింది. అప్పుడు ఇచ్చాడు. ఆ ఇంట్లో ఎవరూ పుర్రచేతికి ఏదీ ఇవ్వరు. ఇస్తే బర్కత్ పోతుందని, ఇంటికి కలిసిరాదని నమ్మకం. యాభై ఏళ్లుగా ఆమె చెయ్యి ముందు తప్పు చేస్తుంది, తర్వాత దిద్దుకుంటుంది.

*

మంగళవారం పొద్దున పర్వేజ్ వెనక చక్రం విప్పి తెచ్చి వాకిట్లో పెట్టాడు. టైరుకు గోళీకాయలంత బుడిపెలు, వాటి సందుల్లో ఎప్పటి మట్టో గట్టిపడి ఉంది. ఫరీదా ఆ మట్టిని సీలతో గీకి తీసింది. టైరు వదులు చేసి ట్యూబు లాగింది. రిమ్ము లోపల పుల్లల మొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా చుట్టిన గుడ్డపట్టీ ఊడి చేతికి వచ్చింది. నీలం గుడ్డ, బడి గౌనుది. బడి మానిన ఏడాది ఆ గౌను ఇంక దేనికి అని అబ్బా దాన్ని చించి పట్టీలు చేశాడు. అది ఇంత రంగు నిలుపుకొని ఉంటుందని ఆమె అనుకోలేదు. మడిచి రవికెలో పెట్టుకుంది.

పుల్ల చివర బిగించే ఇత్తడి నట్టును నిప్పల్ అంటారు. ముప్పై ఆరు నిప్పళ్లకూ కిరసనాయిల్ చుక్క చుక్క వేసింది. నిప్పల్ తిప్పే తాళం అబ్బా తన చేత్తో అరగదీసి చేసింది. ఆ పాత నిప్పళ్లకు ఇంకే తాళమూ పట్టదు, పట్టినా నాలుగో తిప్పుకు మూలలు అరిగిపోతాయి. ఒక్కొక్కటీ కిర్రుమని వదిలింది. వదిలినప్పుడల్లా ఫరీదాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంది. మధ్యాహ్నానికి హబ్బు ఒకవైపు, రిమ్ము ఒకవైపు, మధ్యలో పుల్లల కుప్ప.

తల్లి బీబీజాన్ మంచం మీద నుంచి చూస్తూ ఉంది. ఎనభై దాటింది, కళ్లు సరిగా ఆనవు, కానీ చెవులు బాగా పని చేస్తాయి.

"ఏం విప్పుతున్నవే?"

"రేసుబండి చక్రం."

"ఎందుకు? బాగలేదా?"

"బాగనే ఉంది. ఉల్టా ఉందట."

ముసలామె కళ్లు చికిలించి పుల్లల కుప్ప వైపు చూసింది. "అన్నం కాడ నీ ఎడమ చేతి మీద ఎన్నిసార్లు కొట్టిననో లెక్క లేదు. ఒకరోజు ఆ చెయ్యి వీపుకు కట్టేద్దామని గుడ్డ తెచ్చిన. మీ అబ్బా గుంజుకున్నడు. తినేది ఏ చెయ్యో నువ్వు చెప్పు, పని చేసేది ఏ చెయ్యో దాన్ని చెప్పనియ్యి అన్నడు." మంచం పట్టెను తడుముతూ, "నేనైతె కడుదునే," అంది.

ఫరీదా సీదా అల్లడం మొదలుపెట్టింది. పక్కనే పాలబండి చక్రాన్ని నమూనాకు నిలబెట్టుకుంది, అది కంపెనీ అల్లింది. అల్లడం రాక కాదు. కంపెనీ చక్రాలు వందల కొద్దీ విప్పింది, బిగించింది. కాని మొదటి పుల్ల నుంచి మొదలుపెట్టి అల్లినప్పుడల్లా తన లెక్కే వేసింది. గిరాకీలు ఎవరూ పుల్లలు ఎటు వాలాయో చూడరు, బండి వంకర పోకుండా ఉంటే చాలు. ఇప్పుడు ప్రతి పుల్ల దగ్గరా ఆగాల్సి వచ్చింది. చెయ్యి ఒకటి అంటుంది, కన్ను ఒకటి అంటుంది. ఏడు పుల్లలు వేశాక చూసుకుంటే నాలుగు మళ్లీ తన దారినే పోయాయి. తీసి మళ్లీ వేసింది. సాయంత్రపు అస్సర్ నమాజుకు పిలుపు వచ్చే వేళకు చక్రం నిలబడింది. సుద్దముక్కకు తగలకుండా తిరిగింది. సరిగ్గా ఉంది, కాని అది తన చక్రం అనిపించలేదు. ఎవరింట్లోనో వండిన అన్నం తన గిన్నెలో పెట్టుకున్నట్టు ఉంది.

మునవ్వర్ వచ్చి చక్రం తిప్పి చూశాడు. మొహం విప్పారింది.

"గిప్పుడు అయ్యింది చక్రం."

ఆ ఒక్కమాటతో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"ఇంకో మాట ఫరీదా. సారు బండి తీసుకున్నడంటే గిట్లాంటి బండ్లు మస్తు వస్తయి. పెద్దపెద్దోళ్ల బండ్లు. వనపర్తిల ఎల్లన్న చక్రాలకు మిషిన్ తెచ్చిండు, వంకర ఎంతుందో అంకె చూపిస్తదట. ఇంక చక్రాలు ఆడికి పంపుదామనుకుంటున్న. రేపటిసంది. నీకు గూడ రెస్టు అయితది."

షాపు గుమ్మం దగ్గర మూడు చక్రాలు తాడుతో ఒక్క కట్టగా కట్టి ఉండటం తెరిచిన తలుపులోంచి ఆమెకు కనిపించింది. రేపటి బస్సుకు సిద్ధం చేసినవి. పాలబండి చక్రం కోసం పర్వేజ్ వంగి చెయ్యి చాపాడు. అది నాలుగోది.

"ఇది నేను మొదలుపెట్టిన," అంది ఫరీదా. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె పీట మీద నుంచి లేవలేదు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపం కూడా అన్న మీద కాదు, తన చేతుల మీద. తన పనిని తప్పు పని అని ఒప్పుకుని, తన చేతులతోనే విప్పి ఇచ్చింది. ఇంక వద్దు అనడానికి మునవ్వర్‌కు ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

*

బుధవారం నాడు బండి ముందుచక్రం వచ్చింది. ఫరీదా దాన్ని ముట్టుకోలేదు. మునవ్వర్ పదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె చక్రానికి వీపు పెట్టి బియ్యం ఏరుతోంది.

"ఎప్పుడు మొదలుపెడ్తవు?"

"పెట్ట."

"ఏంది?"

"ఇది విప్ప భాయ్. ఒకటి విప్పిన, చాలు."

మునవ్వర్ చక్రాన్ని కాలితో జరిపాడు. అతనికి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు, కాబట్టి ఎదురు చెబితే ఏం చెయ్యాలో అతనికీ తెలీదు. "ఒకటి సీదా, ఒకటి ఉల్టా ఉంటే ఇంకా నవ్వుతరు. తాళం ఇయ్యి, నేనే విప్పుత."

తాళం ఆమె పిడికిట్లో ఉంది. ఇవ్వలేదు. మునవ్వర్ షాపులోకి వెళ్లి పట్టుకారు తెచ్చాడు. చక్రాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని మొదటి నిప్పల్‌ను పట్టుకారుతో పట్టి బలంగా తిప్పాడు. మెత్తటి ఇత్తడి, మూలలు గీరుకుపోయాయి గాని నిప్పల్ తిరగలేదు. రెండోదీ అంతే. మూడోదానికి పట్టుకారు జారి వేలి కణుపు చర్మం లేచింది. రిమ్ము మీద రక్తం చుక్క పడింది. ఫరీదా లేచి తడిగుడ్డ తెచ్చి ఇచ్చింది, తాళం మాత్రం ఇవ్వలేదు.

"భాయ్, ఇంకొక్కటి తిప్పినవంటే చక్రమే ఉండదు. రేపు సారుకు ఏం చూపిస్తవు?"

మునవ్వర్‌కు ఆ సంగతి ఆమెకంటే బాగా తెలుసు. పట్టుకారు నేలకేసి కొట్టాడు. బీబీజాన్ ఉలిక్కిపడి ఏమైందని అడిగింది.

"రేపు బండి పోలేదనుకో," అన్నాడు గుడ్డ వేలికి చుట్టుకుంటూ, "అబ్బా బండిని నువ్వు ముంచినవని అందరికి చెప్త. ఇంక ఈ తలుపులకెళ్లి ఒక్క చక్రం రాదు."

"ఎట్లైనా రావని నిన్ననే చెప్తివి గద," అంది ఫరీదా. అనేసి తనే భయపడింది. ఆ రోజంతా తలుపుకు అవతల ఏ చప్పుడైనా తల తిప్పి చూసింది.

*

గురువారం తొమ్మిది కాకముందే క్రాంతి కుమార్ కారు, దాని వెనక బండి ఎక్కించుకుపోవడానికి చిన్న ట్రాలీ వచ్చి షాపు ముందు ఆగాయి. గద్వాల్‌లో పుట్టి బెంగళూరులో పళ్ల డాక్టరుగా స్థిరపడ్డ మనిషి. యాభై ఏళ్లుంటాయి. బండిని చూడగానే నమస్కారం కూడా మరిచిపోయాడు.

ఫరీదా తలుపు సందులోంచి చూస్తోంది. ఆయన ముందు ఫ్రేము నంబరు చూశాడు, జేబులోని చిన్న టార్చితో మహబూబ్ సాబ్ అతుకులు చూశాడు, అతుకు మీద వేలితో మెల్లగా రాశాడు. పర్వేజ్ గేరు రాడ్డును లోపలికి నొక్కి వెనక్కి తిప్పాడు, ఆ బండికి గేరు రాడ్డే కిక్కు రాడ్డు. నాలుగో కిక్కుకు ఇంజిను అందుకుంది. నీలం పొగ, చెవులు చిల్లులు పడే టకటక. ఎదురుగా టీ కొట్టులో కూర్చున్న లారీ డ్రైవర్లు లేచి నిలబడ్డారు. క్రాంతి కుమార్ చిన్న పిల్లాడిలా నవ్వాడు.

"ఇదే భాయ్. ఈ చప్పుడు కోసమే వచ్చిన."

మునవ్వర్ భుజాలు వదులయ్యాయి. అప్పుడే క్రాంతి కుమార్ కారులోంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. దాంట్లోంచి పెద్ద ఫోటో తీసి, వెనక చక్రం ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఫోటోను చక్రం పక్కన పెట్టి చూశాడు. ముందు చక్రం దగ్గరికి జరిగి చూశాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. నవ్వు పోయింది.

"వెనక చక్రం ఎప్పుడు మార్చిన్రు?"

"మార్చలే సార్," అన్నాడు మునవ్వర్. "అంతా ఒర్జినలే."

"భాయ్, ఈ ఫోటో నా దగ్గర పదకొండేళ్ల సంది ఉంది. హైదరాబాద్ బయట మట్టిరేసుల తీసింది. వెనకాల బండి తోలినోని పేరు రాసుంది చూడు, ఇస్రాయేలు, కొత్తకోట అని. ఆ పేరు పట్టుకునే మీ ఊరి బండి కోసం వెతికిన. బండి గాల్ల ఉంది, చక్రాలు రెండూ సాఫ్‌గ కనిపిస్తయి. బయటి పుల్లలు వెనక్కి వాలినయి. రెండింటికీ. నేను వంద రేసుబండ్లు చూసిన, గిట్ల అల్లింది ఇంకోటి చూడలే. ఫోన్ల ఎవడో ఉల్టా ఉందని రాస్తే నాకు సంబరమైంది. అసలు బండి దొరికింది అనుకున్న. ఇప్పుడు ముందుది గట్లనే ఉంది. వెనకది సీదా ఉంది." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "వేరే బండి చక్రం ఇది. చక్రం మార్చినోళ్లు ఇంకేం మార్చిన్రో నాకెట్ల తెలుస్తది? సగం బండి నాకొద్దు."

తప్పు అని మూడు రోజులుగా దాచాలని చూసినదాన్ని వెతుక్కుంటూ మనిషి ఇంత దూరం వచ్చాడు. ఫరీదా తలుపు చెక్క పట్టుకుంది.

"సార్, సార్," అంటున్నాడు మునవ్వర్. "ఖుదా కసం, చక్రం అదే. మొన్న జర సాఫ్ చేసినం, అంతే."

"సాఫ్ చేస్తే పుల్లల దిశ మారదు భాయ్. ఎవరు అల్లిన్రు మొదలు?"

"మా అబ్బా."

"ఆయన లేడు. అంటే మళ్లీ గట్ల అల్లేటోళ్లు ఎవరూ లేరు." ఆయన ఫోటోను అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. "మీ అబ్బా పని గొప్పది. పాడు చేసుకున్నరు."

పర్వేజ్ తండ్రి వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. మునవ్వర్ నేల చూస్తూ నిలబడ్డాడు. ఒక్కమాట చాలు. చెల్లె అల్లింది అనే మాట. అది అంటే ముప్పై ఏళ్ల పేరు ఏమవుతుందో, ఎదురుగా టీ కొట్టు వాళ్లు ఏమంటారో అనే భయం అతని మొహంలో స్పష్టంగా కనిపిస్తోంది. కారు తలుపు తెరిచిన చప్పుడయింది.

ఫరీదా కొంగు తల మీదికి లాక్కుని గడప దాటింది.

"చక్రం అదే సార్."

అందరూ తిరిగి చూశారు. ఆమెకు తన గొంతు తనకే పెద్దగా వినబడింది.

"మంగళారం నేనే విప్పి సీదా అల్లిన. ఉల్టా ఉంటె డూప్లికేట్ అంటరని భయపడ్డం. పుల్లలు అవే, నిప్పళ్లు అవే. రిమ్ము లోపలి పట్టీ గూడ ఉంది." రవికెలోంచి నీలం గుడ్డ తీసి చూపింది.

"మీరా?" అన్నాడు క్రాంతి కుమార్. "మరి మొదలు అల్లింది?"

"గప్పుడూ నేనే. నాకు పద్నాలుగేండ్లు. నాది పుర్రచెయ్యి."

"లోపలికి పో," అన్నాడు మునవ్వర్ మెల్లగా. గొంతులో కోపం లేదు, బతిమాలినట్టుంది. అది విని ఆమెకు జాలేసింది. కాని పోలేదు.

"సారుకు నమ్మకం కుదరలే భాయ్. మాటలతోని కుదరదు. పర్వేజ్, చక్రం విప్పు. నా పీట, పలక తే."

షాపులో సగానికి సగం గ్రీజు మరకలైన నేల మీద, పానాలు వేలాడే గోడ కింద, రోడ్డుకు ఎదురుగా ఆమె పీట వేసుకుంది. ఎదుటి కొట్టు నుంచి ఎవరో ఏదో అన్నారు, ఇంకెవరో నవ్వారు. మొన్న వదులైన నిప్పళ్లు ఈసారి కిర్రుమనలేదు, నీళ్లలా తిరిగాయి. పుల్లలన్నీ ఒడిలోకి వచ్చాయి. మొదటి పుల్ల ఎడమ చేతిలోకి తీసుకుంది. ఇంక కన్ను చెయ్యికి ఏమీ చెప్పలేదు. ఒకటి లోపల నుంచి, ఒకటి బయట నుంచి, మూడు దాటి నాలుగోది కింది నుంచి. నవ్వినవాళ్లు నవ్వు ఆపి రోడ్డు దాటి వచ్చి చూస్తున్నారని ఆమె గమనించలేదు. క్రాంతి కుమార్ ఎదురుగా నేల మీద కూర్చుని, ఫోటో మోకాలి మీద పెట్టుకుని, ఒకసారి దాన్ని, ఒకసారి ఆమె చేతిని చూస్తున్నాడు.

"వివరాలు ఏం రాసినవు తమ్మీ, చదువు," అన్నాడు పర్వేజ్‌తో. "బండితోపాటు నా దగ్గర ఉండాలె."

పర్వేజ్ ఫోన్ చూసి చదివాడు. "ఫ్రేము: మహబూబ్ సాబ్. ఇంజిను: మహబూబ్ సాబ్. చక్రాలు..." ఆగాడు.

"సదువు," అంది ఫరీదా.

"చక్రాలు: మహబూబ్ సాబ్."

ఆమె చెయ్యి ఆగింది. "చక్రాలు కొట్టెయ్."

పర్వేజ్ తండ్రి వైపు చూశాడు.

"అటు చూస్తవేందిరా? అల్లింది ఇటుంది."

"ఏం పేరు రాయాలమ్మా?" అన్నాడు క్రాంతి కుమార్.

షాపులో ఆమె పేరు గిరాకీల ముందు ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. "ఫరీదా," అంది. సరిపోలేదనిపించింది. "ఫరీదా, పుర్రచెయ్యి అని రాయి. ఉల్టా అన్నోనికి గూడ సమజైతది."

క్రాంతి కుమార్ పకపక నవ్వాడు. పర్వేజ్ తల వంచి రాశాడు. గుమ్మం దగ్గరి చక్రాల కట్ట మీద ఆమె చూపు పడింది. నిన్నటి బస్సు తప్పిపోయి అక్కడే ఉంది.

"ఇది అయినంక వాటిని ఇప్పి ఇక్కడ పెట్టు," అంది పర్వేజ్‌తో. "వనపర్తికి పోవు. వాకిట్లకు గూడ వద్దు. ఇక్కడనే చేస్త."

మునవ్వర్ ఏమంటాడోనని పర్వేజ్ ఆగాడు. మునవ్వర్ కట్టు కట్టిన వేలును చూసుకుంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ముప్పై అయిదు పుల్లలు పడ్డాయి. ముప్పై ఆరోదాని కోసం ఒడిలో చూసుకుంది, లేదు. పీట కింద తడిమింది, లేదు. ఆ పొడవు పుల్ల ఈ రోజుల్లో ఎక్కడా దొరకదు, ఒక్క పుల్ల లేని చక్రాన్ని ఈయన తీసుకుపోడు. అటూ ఇటూ చూసి తలెత్తింది. పుల్ల మునవ్వర్ చేతిలో ఉంది. దొర్లి అతని కాళ్ల దగ్గరికి పోయిందేమో, తీసి పట్టుకున్నాడు.

అతను ఆమె ముందుకు వచ్చి వంగి పుల్ల చాపాడు. ఫరీదా అలవాటు ప్రకారం ఎడమ చేతిని ఒడిలో దాచుకుని కుడిచెయ్యి చాపింది. మునవ్వర్ ఇవ్వలేదు. పుల్ల వెనక్కి తీసుకుని ఆగాడు. ఆమెకు అర్థం కాలేదు. ఇంత చేశాక కూడా ఇంకా కోపమా అనుకుంది. అన్న మొహంలోకి చూసింది. అతను ఆమె ఒడిలో ఉన్న చేతిని చూస్తున్నాడు, ఎప్పటిలాగే.

"అది కాదు," అన్నాడు. "పని చేసేది."

ఫరీదా ఎడమ చెయ్యి చాపింది. అతను పుల్లను ఆ చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని హబ్బులోంచి దూర్చి, వెనక్కి వాల్చి, నిప్పల్ ఎక్కించి, తాళం తిప్పింది.